ఎక్స్‌రే గది ముందు స్నానం

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరిన రోజుల్లో, అంటే ఎనభైల మధ్యలో, మా గది తలుపు పక్కన ఒక రేకు బోర్డు ఉండేది. నల్లరంగు మీద తెల్లక్షరాలు. "మిరపకాయలు ముట్టుకుని వచ్చినవారు ముందు బోరింగు దగ్గర స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావలెను." దాన్ని చూసి నేను నవ్వుకోని రోజు లేదు. పెదకాకాని గుడికి పోయేవాళ్లు స్నానం చేశారంటే అర్థముంది గానీ, కడుపు ఫోటో తీయించుకోవడానికి స్నానమేమిటండీ!

ఆ బోర్డు రాసింది మా హెడ్ టెక్నీషియన్. ఆయన్ని అందరూ మాస్టారూ అనేవాళ్లు. ఏ బళ్లోనూ పాఠాలు చెప్పిన మనిషి కాదు, కానీ ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేవారు. సన్నగా ఉండేవారు. చొక్కా జేబులో స్టాప్‌వాచీ, వేళ్ల నిండా ఫిల్ము కడిగే మందు మరకలు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. డిప్లొమాలో గోల్డ్ మెడల్ రాలేదు గానీ, వచ్చినవాళ్లకుండే పొగరు మాత్రం సంపూర్ణంగా ఉంది.

మా గదిలో ఎక్కువగా జరిగే పరీక్ష ఐవీపీ. మూత్రపిండాలు మామూలు ఎక్స్‌రేలో సరిగా కనపడవు. అందుకని అయోడిన్ కలిసిన మందును, మేం డై అంటాం, చేతి నరంలోకి ఎక్కిస్తారు. అది రక్తంలో తిరిగి మూత్రపిండాల్లోకి దిగేటప్పుడు వరసగా ఫిల్ములు తీస్తే లోపలి దారంతా తెల్లగా కనపడుతుంది, రాయి ఎక్కడ అడ్డం పడిందో తెలుస్తుంది. చాలామందికి ఏమీ కాదు. ఒళ్లు వెచ్చబడుతుంది, నోట్లో రాగిచెంబు నాకినట్టు ఒక రుచి, అంతే. ఎప్పుడో ఎవరో ఒకరికి మాత్రం ఆ మందు పడదు. పడనివాళ్లకి మొదట తుమ్ములొస్తాయి, కళ్లు ఎర్రబడతాయి, ఒళ్లు దురదపెడుతుంది. తర్వాత గొంతు వాచి ఊపిరి ఆగిపోయేదాకా కూడా పోవచ్చు.

ఇప్పుడు మీరే చెప్పండి. తుమ్ము, ఎర్రకళ్లు, దురద, గొంతులో గరగర. కాయ కోతకొచ్చాక మా జిల్లాలో ఇవి లేని మనిషి ఎవరు? కళ్లాల్లో కాయ ఆరబోసినవాళ్లు, తొడిమలు తీసినవాళ్లు, మిర్చి యార్డులో టిక్కీలు మోసినవాళ్లు, అదే మిరప బస్తాలు మోసినవాళ్లు, అందరూ మా బల్లమీదికే వచ్చేవాళ్లు. ఒక్కడు కండువా దులిపాడంటే గదిలో ఉన్నవాళ్లమంతా తుమ్మాల్సిందే. ఒకసారి తుమ్మితుమ్మి డాక్టరుగారి కళ్లజోడు బకెట్లో పడింది.

"మిరప ఘాటు చేసే పనే ఈ మందూ చేసుద్దమ్మాయ్. రెండూ కలిస్తే ఏది ఏదో ఎట్టా తెలుసుద్ది? ముందు ఘాటు కడిగించు. ఆ తర్వాత వచ్చిన తుమ్ము మందుదే" అనేవారు మాస్టారు.

చెప్పడానికేం, బాగానే చెప్పారు. చేయించేది నేను కదా! పేషెంటుకి ఆసుపత్రి గళ్లలుంగీ ఇచ్చి, వెనకాల బోరింగు పంపు చూపించి, సబ్బుబిళ్ల చేతిలో పెట్టేసరికి నా నోరు పడిపోయేది. ఒక పెద్దాయన, "శనివారం తలంటుకున్నానమ్మాయ్, మళ్లీ శనివారం దాకా నా జోలికి రాకు" అని బెంచీ మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. మందు ఎక్కించేముందు ఉబ్బసం ఉందా, రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయా అని అడగడం మా ఆనవాయితీ. "స్నానం చేయించారు, రొయ్యల సంగతి అడుగుతున్నారు, విస్తరి ఎప్పుడు వేస్తారు?" అన్నాడింకొకడు. నవ్వకుండా ఎలా ఉంటాం!

మాస్టారి ఛాదస్తం స్నానంతో ఆగేది కాదు. మందు ఎక్కించినంతసేపూ, ఆ తర్వాతా పేషెంటు మాట్లాడుతూనే ఉండాలి. పత్తికి ఈ ఏడు పురుగు పట్టిందా, రెండో కోత అయిందా, పెద్దల్లుడు బాగా చూసుకుంటున్నాడా, ఇలా ఏదో ఒకటి అడుగుతూ ఉండేవారు. నేను దాన్ని వట్టి కబుర్లపిచ్చి అనుకునేదాన్ని. ఇక సూది సంగతి. మందు ఎక్కించడం అయిపోయినా ఆఖరి ఫిల్ము తీసేదాకా నరంలోంచి సూది తీయనిచ్చేవారు కాదు. సన్న గొట్టం ఉన్న సూది అది, ప్లాస్టరు వేసి అలాగే ఉంచాలి. పేషెంట్లు నొప్పి అని గోలపెడితే ఆయన ముఖం పక్కకి తిప్పుకునేవారు. ఆ తిట్లన్నీ తినేది నేను.

అలాంటి రోజుల్లో మా నాన్నకి నడుంనొప్పి వచ్చింది.

మాది పిడుగురాళ్ల వైపు పల్లె. నాన్న రెండెకరాలు కౌలుకి చేసేవాడు, ఒక ఎకరం పత్తి, ఒక ఎకరం మిరప. ఆదివారం మా చర్చిలో వాక్యం చదివేది ఆయనే. చదువు రెండో తరగతితో ఆగింది గానీ, అక్షరం కనపడితే చాలు, పైకి చదవకుండా ముందుకి కదలడు. బస్సు మీద రాసింది, గోడమీద సినిమా పోస్టరు, మందుసీసా మీద చీటీ, అన్నీ చర్చిలో చదివినట్టే గొంతెత్తి చదువుతాడు. ఆయనతో బజారుకి పోవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. నడుంలో నొప్పి గజ్జల్లోకి దిగుతోందంటే రాయి అని డాక్టరుగారు అనుమానించారు. నాన్నకి అదీ వేళాకోళమే. "సున్నపు బట్టీల పక్క ఊరోణ్ణి, కడుపులో రాయి లేకపోతేనే వింత" అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే, కడుపు ఖాళీగా రావాలని చెప్పాను. రాత్రి విరేచనాల మాత్రలు వేసుకున్నాడు, పొద్దున నీళ్లు కూడా ముట్టలేదు, అదంతా బుద్ధిగానే చేశాడు. కానీ తెల్లవారుజాము బస్సు దిగి తిన్నగా నా దగ్గరికి రాకుండా యార్డుకి పోయాడు. మా ఊరివాళ్ల లారీలో తన ఆరు టిక్కీలు దిగాయిట, ఎలా ఉన్నాయో చూసుకోవద్దూ! చూసుకోవడమంటే చూపు కాదు. గుప్పిటతో తీసి, విరిచి, వాసన చూసి, పక్కవాడి కాయతో పోల్చి, వాడితో పోట్లాడి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడేసరికి ఎర్రటి దుమ్ము భుజాల మీద కనపడుతోంది.

బోర్డు చూశాడు. ఇక ఆగుతాడా? బెంచీ మీద ఏడెనిమిది మంది చూస్తుండగా గొంతెత్తి చదివాడు. "మిరపకాయలు ముట్టుకుని... వచ్చినవారు... ముందు బోరింగు దగ్గర..." బెంచీ మీద వాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. పది గజాల దూరంలో నర్సులు. నా తండ్రి ఆ గళ్లలుంగీ కట్టుకుని, తడితలతో వీళ్లందరి ముందు నడిచి రావాలా? నాకు ఒళ్లు మండింది.

"నేను స్నానం చేసి రావాలా అమ్మా?" అన్నాడు నాన్న.

"అది నీకు కాదు నాన్నా. లోపలికి రా" అన్నాను.

నిజం చెప్పాలంటే అందులో గర్వం కూడా ఉంది. మా నాన్న వరసలో కూర్చోడు, బోరింగు దగ్గర నిలబడడు, నేను టెక్నీషియన్ని మరి! చొక్కా మాత్రం విప్పించి తలుపు వెనక తగిలించాను. ఆ చేతులు, ఆ జుట్టు, ఆ పంచె అలాగే ఉన్నాయి.

మందు వేయకముందు తీసే మొదటి ఫిల్ము తీశాను. దాన్ని కడగడానికి మాస్టారు పక్కనే ఉన్న చీకటిగదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. పేషెంటు ఎలా వచ్చాడో, స్నానం చేశాడో లేదో ఆయన చూడలేదు. నా మీద నమ్మకం. డాక్టరుగారు వచ్చి ముందు ఒక్క సీసీ మందు పరీక్షకి ఎక్కించి ఆగారు. నాన్న ఒక తుమ్ము తుమ్మాడు.

"ఏంటిది?" అన్నారు డాక్టరుగారు.

"మిరప ఘాటండీ. పొద్దున యార్డుకెళ్లొచ్చారు" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

ఆయన ఇంకాసేపు ఆగి, వేడినీళ్లలో పెట్టి వెచ్చబరిచిన మిగతా మందు నెమ్మదిగా ఎక్కించి, పక్కగదిలో పేషెంటు ఉంటే అటు వెళ్లారు. నాన్న చేతికి సూది అలాగే ఉంది.

"ఇది తీసెయ్యమ్మాయ్, చురచురమంటంది" అన్నాడు నాన్న.

తీసేద్దామనే అనుకున్నాను. ప్లాస్టరు అంచు గోటితో లేపాను కూడా. అంతలో ఆయన, "మీ అమ్మయితే ఎప్పుడో తీసుండేది" అన్నాడు. ఆ మాటతో నాకు కోపం వచ్చింది. అమ్మ పోయినప్పట్నించీ ఏదన్నా కాస్త కష్టమైతే చాలు, అమ్మ అయితే ఇలా చేసేది, అమ్మ అయితే అలా చేసేది. "గమ్మునుండు నాన్నా, చిన్నపిల్లాడివా" అని ప్లాస్టరు గట్టిగా అదిమేశాను. అంత పెద్ద నిర్ణయం నేను తెలివితో తీసుకోలేదు, ఒట్టి మొండితనంతో తీసుకున్నాను.

గమ్మునుండటం నాన్న చేత అవుతుందా? చీకటిగది తలుపు వైపు తిరిగి కేకేశాడు. "మాస్టారు గారూ! మా అమ్మాయి పని ఎట్టా చేస్తందండీ?"

"ఉండండి, ఫిల్ము మందులో ఉంది. అయ్యాక చెప్తా. మీరు మాట్లాడతా ఉండండి" అని లోపల్నించి మాస్టారు.

నాన్నకి అదే కావాలి. యార్డులో పక్కవాడి కాయ తెల్లబడిన తాలు అని, తన కాయ రంగు చూసి నలుగురు ఆగిపోయారని మొదలుపెట్టాడు. మధ్యలో మళ్లీ తుమ్మాడు. రెండు, మూడు. కళ్లు తుడుచుకున్నాడు. నేను నవ్వుతూ, "యార్డంతా నెత్తిన పెట్టుకొచ్చావు కదా నాన్నా" అన్నాను. మెడ గోక్కున్నాడు. అదీ ఘాటే అనుకున్నాను. ఐదు నిమిషాల ఫిల్ము తీసి, క్యాసెట్టు మార్చుకుంటున్నాను.

"ఏం మాస్టారు గారూ... చెప్పలేదు... మా అమ్మాయి..." అన్నాడు నాన్న మళ్లీ.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఫిల్ము మందులో ఉండగా చీకటిగది తలుపు తెరిస్తే ఆ ఫిల్ము నల్లగా మాడి పాడైపోతుంది. నేను చేరిన కొత్తలో పొరపాటున ఒకసారి తెరిస్తే మాస్టారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి మనిషి ఆ తలుపుని ధడాల్న తోసుకుని బయటికొచ్చారు.

"గొంతు మారింది! డాక్టర్ని పిలు!"

నాకు మారినట్టే తెలియలేదు. ఆ గొంతు పుట్టినప్పట్నించీ వింటున్నదాన్ని నేను. ఆయన విన్నది పావుగంట. చీకట్లో నిలబడి, వేరే పనిలో ఉండి విన్నారు, బొంగురు పోవడం పట్టుకున్నారు. నేను వెలుగులో పక్కనే ఉండి వినలేదు. చూస్తే నాన్న ఛాతీ మీద రూపాయిబిళ్లలంత దద్దుర్లు, పెదవులు ఉబ్బుతున్నాయి. నోరు తెరుస్తున్నాడు గానీ మాట రావడం లేదు. నాన్నకి మాట రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న చచ్చిపోతున్నాడనుకున్నాను. నేనే చంపేశాననుకున్నాను.

మందు కిందికి జారిపోకుండా పొట్ట చుట్టూ బిగించిన పట్టీ మాస్టారు లాగిపారేశారు. ఆక్సిజన్ పెట్టారు. "కాళ్లు ఎత్తు!" అని అరిస్తే, నేను ఆ రెండు కాళ్లు ఎత్తి నా గుండెకి అదుముకుని నిలబడ్డాను. నేను పెట్టిన కేకకి డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి అడ్రినలిన్ భుజానికి పొడిచారు. నాడి అందడం లేదన్నారు. "నరం దొరకాలి" అని చేయి పట్టుకుని చూస్తే, అక్కడ సూది ఉంది. ప్లాస్టరు కింద అలాగే ఉంది. సెలైను, తక్కిన ఇంజక్షన్లు అన్నీ దాంట్లోంచే పోయాయి. అప్పటికి నాన్న నరాలన్నీ లోపలికి ముడుచుకుపోయాయి, కొత్తగా గుచ్చాలంటే ఎంతసేపయ్యేదో తెలియదన్నారు డాక్టరుగారు తర్వాత.

నాన్నకి ఊపిరి నెమ్మదిగా దారిలో పడింది. డాక్టరుగారు చెమట తుడుచుకుని నన్ను అడిగారు. "టెస్టు డోసుకి వచ్చిన తుమ్ము... ఘాటన్నారు కదా? ఈయన స్నానం చేయలేదా?"

ఉద్యోగం పోతుందని తెలుసు. మాస్టారు నావైపు చూడకుండా ట్రే సర్దుతున్నారు. "చేయలేదండీ. బోర్డు చదివారు. నీకు కాదని నేనే చెప్పాను" అన్నాను. డాక్టరుగారు నా చేతులు ఇంకా ఆ కాళ్లు వదలకపోవడం చూసి, మళ్లీ నాన్న నాడి పట్టుకున్నారు.

ఓ గంట తర్వాత నాన్న కళ్లు తెరిచి మొదట వెతికింది నన్ను కాదు. మాస్టార్ని. "అడిగితే చెప్పలేదేందండీ" అన్నాడు, గొంతు ఇంకా కప్పలాగే ఉంది. "మా అమ్మాయి... పని ఎట్టా చేస్తంది?"

నేను తల వంచుకున్నాను. మాస్టారు స్టాప్‌వాచీ జేబులో వేసుకుని, "సూది తీయలేదండీ. మీరెంత గోలపెట్టినా తీయలేదు. అందుకే ఇప్పుడీ ప్రశ్న అడగ్గలుగుతున్నారు" అన్నారు.

నాన్న ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం బోరింగు దగ్గరికి వెళ్లి, పంపు కొడుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను. తిట్టినా బాగుండేది.

నాన్నకి ఇక నరంలోకి ఆ మందు పనికిరాదని కేసుషీటు మీద ఎర్రసిరాతో రాశారు. కానీ రాయి ఎక్కడుందో తెలియాలి కదా. మూడు వారాల తర్వాత సర్జనుగారు ఇంకో పద్ధతి పెట్టారు. మత్తు ఇచ్చి, కింది నుంచి సన్నటి క్యాథటర్ గొట్టం మూత్రపిండం దాకా పంపి, మందు రక్తంలోకి పోకుండా దాంట్లోంచే కొద్దికొద్దిగా వదలడం. అయినా కాస్తో కూస్తో రక్తంలో కలవచ్చని ముందురోజు నుంచే మాత్రలు వేయించారు, అడ్రినలిన్ ట్రేలో సిద్ధంగా పెట్టించారు. మాస్టారు నాకు ముందే పాఠం చెప్పారు. గొట్టంలో గాలిబుడగ ఒక్కటి లేకుండా చూసి ఇవ్వు, బుడగ కూడా ఫిల్ములో రాయిలాగే కనపడుద్ది. సిరంజీ పట్టుకున్న వాళ్లు మందుని తొయ్యకూడదు, పోనివ్వాలి. ఈసారి నేను నవ్వలేదు, కాగితం మీద రాసుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి మెట్లెక్కుతున్నాను. నాన్న అప్పటికే మా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, చర్చికి వేసుకునే తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. ఇంటి దగ్గర రెండుసార్లు స్నానం చేసి వచ్చానని గొప్పగా చెప్పాడు. అంతా బాగుంది. చేతివేళ్లు ఎర్రగా ఉన్నాయి.

"యార్డుకెళ్లావా నాన్నా?"

"దారిలోనే కదమ్మా. ఊరికే అట్టా చూసొచ్చా" అన్నాడు. ఈయన్ని ఏం చేయాలండీ!

బెంచీ నిండా జనం. నాన్న చూపు నా మీద లేదు, బోర్డు మీద ఉంది. నేనూ అటు చూశాను. పాత తెల్లక్షరాల కింద, ఎర్ర రంగుతో, ఇంకా తడి ఆరని కొత్త లైను ఒకటి ఉంది. దస్తూరి మాస్టారిది. ఆ మూడు వారాల్లో ఆయన నన్ను ఒక్క మాట అన్లేదు. అనాల్సింది అక్కడ రాసిపెట్టారు.

నాన్న గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా, ఒక్కో అక్షరం పట్టి చదివాడు. "సి... బ్బం... ది... బంధువులు... కూడా."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపులోంచి మాస్టారు బయటికి తొంగిచూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. నాన్న నావైపు తిరిగాడు.

"ఇది నాకేనా అమ్మా?"

"నీకే నాన్నా" అన్నాను.

గళ్లలుంగీ భుజాన వేసుకుని, సబ్బుబిళ్ల పట్టుకుని, జనం అందరి ముందు నుంచీ ఆయన నా వెనకే బోరింగు దగ్గరికి వచ్చాడు. ఆయన చేతులు సాచాడు, నేను పంపు కొట్టాను. ఎరుపంతా పోయేదాకా కొట్టాను. నీళ్లు చల్లగా ఉన్నాయని, అమ్మ అయితే కాచి పోసేదని, కడుక్కున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి ఒక్క మాట వదలకుండా ఆ గొంతు విన్నాను.